ఎర్రాకుల మొక్క జరిగిన దూరం

నేను జావా దీవికి ఎప్పుడూ వెళ్లలేదు. కానీ ఆ దీవి నడుమ, కొండల మీద, మబ్బుల్లో తడుస్తూ ఉండే ఒక ఊళ్లో ఎవరి చేను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నాకు సాళ్ల లెక్కన తెలుసు. మా సొంత చేను హద్దులు మాత్రం తెలియవు. వాటి మీద మా తాత వేసిన కేసు ఇంకా నడుస్తోంది. తీర్పు వచ్చాక ఒకేసారి తెలుసుకోవచ్చని ఊరుకున్నాను.

ఈ జ్ఞానమంతా అమెరికాలో, మేముండే బాతెల్‌లో, మా ఇంటి ఓనర్ వంటగదిలో వచ్చింది. ఆవిడది ఆ ఊరే. ఎప్పుడో ఇక్కడి మనిషిని పెళ్లి చేసుకుని వచ్చింది. ఆయన పోయాడు. ఈవిడ ఒక స్కూల్ క్యాంటీన్‌లో చేసి రిటైరై, మేడ మీది రెండు గదులు నాకూ మా రూమ్మేట్‌కీ అద్దెకిచ్చింది. వాడిది వరంగల్ దగ్గర, నాది తెనాలి దగ్గర. ఇద్దరం సాఫ్ట్‌వేర్. ఆవిడని మేం 'ఇబు' అనేవాళ్లం. వాళ్ల భాషలో అమ్మ అని అర్థం, అమ్మ వయసున్న ఎవరినైనా అలాగే పిలుస్తారట. మమ్మల్ని 'నాక్' అనేది. అంటే పిల్లాడా అని. మా ఇద్దరికీ బట్టతల మొదలైన సంగతి ఆవిడ పట్టించుకోలేదు.

ఆ ఊరివాళ్లు ఏ విషయాన్నీ నోటితో తేల్చరని నాకు మొదటి నెలలోనే తెలిసి ఉండాల్సింది. మా డ్రైవ్‌వేకీ పక్కింటి డ్రైవ్‌వేకీ మధ్య ఒక కుండీ ఉండేది. అందులో ఎర్రటి పొడవాటి ఆకుల మొక్క. నా కార్ తలుపు దానికి తగులుతోందని ఒకరోజు కుండీని ఒక జానెడు జరిపాను. సాయంత్రానికి అది పాత చోటికి వచ్చేసింది. మర్నాడు మళ్లీ జరిపాను, మళ్లీ వచ్చింది. మూడోరోజు కుండీ పాత చోటే ఉంది, నా గది గుమ్మంలో ఒక ప్లేట్ నిండా వేడివేడి అరటిపండు బజ్జీలు ఉన్నాయి. నేను బజ్జీలు తిని, నన్ను బాగా ఇష్టపడుతోందనుకున్నాను. అది వార్నింగ్ అని అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది. వాళ్ల ఊళ్లో హద్దురాళ్లు ఉండవట. చేనుకీ చేనుకీ మధ్య ఆ ఎర్రాకుల మొక్కే నాటుతారు. దాన్ని పీకితే కొట్లాడరు. పీకినవాడి ఇంటికి ఏదైనా తినడానికి పంపిస్తారు. తిన్నవాడు సిగ్గుపడి తిరిగి నాటేస్తాడు. నా విషయంలో మాత్రం బజ్జీలు వేస్టయ్యాయి.

అసలు సంగతి ఇబు వాళ్లమ్మ చేను గురించి. కొండ పక్కన మెట్లు మెట్లుగా తవ్విన నేల అది. ఒక మెట్టు మీద రెండు చేలు పక్కపక్కనే ఉన్నాయి. ఎడమది వాళ్లమ్మది. కుడివైపుది ఇబు వాళ్లన్నయ్యది, పెళ్లప్పుడే ఆయనకి రాసిచ్చారు. అమ్మ చేనుని ఇబు చెల్లెలు దున్నుకునేది. ఆవిడ బంగాళాదుంపలు తప్ప వేయదు, అన్నయ్య క్యాబేజీ తప్ప వేయడు. ఈ ముగ్గురూ, రెండు పంటలూ, ఒక వరస ఎర్ర మొక్కలూ గుర్తుంటే చాలు.

వాళ్లమ్మ పోయి మూడేళ్లు కావస్తోంది. వాళ్లలో మనిషి పోయాక వెయ్యో రోజున ఊరందరినీ పిలిచి అన్నం పెట్టి, సమాధి మీద రాయి నిలబెడతారు. అప్పటిదాకా ఆస్తి మాట ఎవరూ ఎత్తకూడదు. వెయ్యో రోజు మర్నాడు ఉదయం అందరూ చాప మీద కూర్చుని పంచుకుంటారు.  మా వైపైతే ఆస్తి మాట పెద్దకర్మ భోజనాల్లో రెండో వడ్డనకే మొదలవుతుంది.

ఆ వెయ్యో రోజుకి సరిగ్గా మూడు వారాల ముందు ఇబుకి మోకాలి ఆపరేషన్ అయింది. విమానం ఎక్కకూడదన్నారు. ఆవిడ ఇంటికొచ్చి కాలు కుర్చీ మీద పెట్టుకుని, ఆకాశంలోంచి తీసిన బొమ్మల్లో తన చేను కనిపిస్తుందా అని నన్నడిగింది. ఆవిడ ఫోన్‌కీ టీవీకీ ఐటీ డిపార్ట్‌మెంట్ నేనే. ల్యాప్‌టాప్‌లో వెతికి చూపించాను. కనిపించింది. దుంపల ఆకు పచ్చగా, క్యాబేజీ కాస్త నీలంగా, మధ్యలో ఒక గీత. ఆవిడ ఆ బొమ్మని చాలాసేపు చూసి, మందు వేసుకుని పడుకుంది.

అక్కడితో మూసేయాల్సింది. నేను పాత సంవత్సరాల బొమ్మలు తెరిచాను.

గీత కదులుతోంది. ఏటా ఒక సాలు చొప్పున అమ్మ చేనులోకి, దుంపల మీదికి, క్యాబేజీ జరుగుతూ వచ్చింది. ఏడేళ్లలో ఏడు సాళ్లు. నేను మా రూమ్మేట్‌ని కేకేశాను. వాడు అన్నం ప్లేట్‌తో వచ్చి, స్క్రీన్ చూసి, తినడం ఆపేశాడు. నాకు తెలిసి వాడు తినడం ఆపిన సందర్భం అదొక్కటే.

"గట్టు జరిపిండురా," అన్నాడు. "పెద్దోడు పక్కా జరిపిండు. మా ఊర్ల గిట్ల జరిపితే తలకాయలు పగుల్తయ్."

"మా ఊళ్లో కోర్టుకెళ్తారు. తలకాయలే నయం, తొందరగా తేలిపోద్ది."

మనవాళ్ల రక్తంలో ఏముందో తెలియదు గానీ, పక్కవాడు గట్టు జరిపాడని తెలియగానే ఒంట్లోకి ఒక శక్తి వస్తుంది. ఆఫీసులో రెండేళ్లుగా నేను అంత శ్రద్ధగా పనిచేయలేదు. ఒక్కో ఏడాది బొమ్మ మీద ఒక్కో రంగు గీత గీశాను. పక్కన బాణం గుర్తులు పెట్టాను. అన్నిటికంటే పాత గీత ఎరుపు. బొమ్మ నీట్‌గా ఉండాలని ఇబు వాళ్ల చేను, హద్దు గీత, అన్నయ్య చేనులో సగం వరకు ఉంచి, కుడివైపు మిగిలిందంతా క్రాప్ చేసేశాను. ఎర్ర గీత మీద రూమ్మేట్ "అసలు హద్దు" అని ఇండోనేషియా భాషలో రాయమన్నాడు. అదీ రాశాను. ఇబు నిద్రపోతోంది. ఫోన్ నా చేతిలోనే ఉంది. పంపకాల ముందు ఆవిడకి న్యాయం జరగాలని, వాళ్ల ఫ్యామిలీ గ్రూప్‌లో, ఆవిడ ఫోన్ నుంచే, ఆ బొమ్మ పెట్టాను.

ఆ గ్రూప్‌లో మామూలుగా రోజుకి యాభై ఫొటోలు వస్తాయి. మబ్బు, మేక, క్యాబేజీ, ఎవరిదో పసిపిల్ల, మళ్లీ మబ్బు. నా బొమ్మ తర్వాత ఏమీ రాలేదు. నాలుగు రోజులు ఏమీ రాలేదు. అక్కడ నెట్ పోయిందేమోనని నేను నిజంగానే అనుకున్నాను.

ఐదోరోజు ఉదయం కాఫీ కోసం కిందికి దిగితే ఇబు వాకర్ పట్టుకుని నిలబడి ఉంది. "పాక్, అన్నం పెట్టనా?" అంది. పాక్ అంటే అయ్యగారు లాంటిది, పెద్దమనుషులకి వాడతారు. మాట్లాడింది ఇంగ్లిష్‌లోనే. ఇంగ్లిష్‌లో నువ్వుకీ మీరుకీ తేడా లేదు. అయినా ఆవిడ నన్ను మీరు అంటోందని స్పష్టంగా వినిపించింది. మా అమ్మకి కోపం వస్తే నాన్నని అలాగే పిలుస్తుంది.

"ల్యాప్‌టాప్ తీసుకురండి పాక్," అంది. "బొమ్మ మొత్తం చూపించండి. కోసింది కాదు."

చూపించాను. ఆవిడ వేలు బొమ్మలో కుడి చివర పెట్టింది. నేను క్రాప్ చేసేసిన చోటు. పాత బొమ్మల్లో అక్కడ క్యాబేజీ ఉంది. ఏడేళ్ల కిందటి నుంచీ లేదు. గోధుమరంగు మట్టి గీరుకుపోయి కింద లోయలోకి దిగి ఉంది.

"ఆ ఏడాది వానలకి అన్నయ్య చేను సగం జారిపోయింది," అంది. "ఇద్దరు పిల్లలు ఆయనకి. మా అమ్మ మర్నాడు వెళ్లి చూసొచ్చింది. ఏమీ అనలేదు. నాట్లకి ముందు ఎర్ర మొక్కలు పీకి ఒక సాలు ఇటువైపు నాటింది. మరుసటి ఏడాది ఇంకో సాలు. చేతకానప్పుడు చెల్లి గంపలో మోసేది. అమ్మ పోయాక చెల్లే నాటుతోంది."

నేను అడిగాను. "నేరుగా ఇవ్వొచ్చు కదా ఇబు?"

"ఇస్తే తీసుకోడు. అందుకే ఇవ్వలేదు. మొక్క మార్చింది."

"మరి ఆయనకి తెలుసా?"

"సేద్యం చేసేవాడికి సాలు పెరిగితే తెలియదా? ఏటా అమ్మ వాకిట్లో కట్టెలు కాస్త ఎక్కువ దింపేవాడు."

అంటే ఏడేళ్లపాటు ఒక ఇంట్లో ముగ్గురు మనుషులు నోరు విప్పకుండా ఒక చేనుని జరుపుతూ వచ్చారు. నేను బాణం గుర్తులు పెట్టి, తల్లి రాయి నిలబడకముందే, కొడుకుని దొంగని చేశాను. అదీ ఇబు ఫోన్ నుంచి. రూమ్మేట్ గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. "డిలీట్ కొట్టరాదురా," అన్నాడు మెల్లగా. తీసేస్తే నిజమేనని ఒప్పుకున్నట్టు అవుతుందని ఇబు అంది. వాడు వెనక్కి వెళ్లిపోయాడు. బొమ్మ మీద రాయమన్నది వాడేనని నేను ఆవిడకి చెప్పలేదు. స్నేహం కోసం కాదు, వాడి కార్‌లోనే ఆఫీస్‌కి వెళ్తాను.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. అది ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. అమ్మ చేనులో ముగ్గురికీ మూడు వాటాలు. చెల్లెలి వాటా ఒక్కటే అయితే దాంతో బతకలేదు. ఇబు వాటా కూడా కలిస్తే బతుకుతుంది. ఇబు వద్దంటే ఆ వాటా ఇంటికి పెద్దవాడి కిందికి పోతుంది. అప్పుడు చెల్లెలు తన ముక్కలో నాలుగు దుంపలు వేసుకుని, మిగతా రోజులు అన్నయ్య క్యాబేజీలో కూలి చేసుకోవాలి. మరి నాకు కావాలని చెప్పేస్తే పోదా అన్నాను. ఇబు నన్ను బజ్జీల రోజు చూసినట్టే చూసింది. మొదటిసారి అడగ్గానే కావాలంటే అది అడుక్కోవడమట. మొదటిసారి వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి అడిగినప్పుడు మాత్రమే మనసులో మాట చెప్పొచ్చు. అన్నీ సవ్యంగా ఉంటే అన్నయ్య మూడుసార్లు అడిగేవాడే. ఆమె మూడోసారికి చెల్లెలి పేరు దాచిపెట్టుకుంది.

"ఇప్పుడు ఒక్కసారే అడుగుతాడు," అంది ఇబు. "అడిగి ఊరుకుంటాడు. నేను వద్దన్నది వద్దన్నట్టే ఉండిపోతుంది."

ఆమె గొంతు మామూలుగానే ఉంది. తర్వాత అన్నం పెట్టింది, రెండోసారి కూడా వడ్డించింది. తిన్నాను. వద్దనడానికి ఎన్నిసార్లు కావాలో తెలియలేదు.

దారి కూడా ఆవిడే చూపించింది. పంపకాల ఉదయం వీడియో కాల్‌లో నేనే మాట్లాడాలి. నా కొలత తప్పని చెప్పాలి.

"కానీ కొలత కరెక్టే ఇబు."

"అందుకే తప్పని చెప్పాలి."

నా ఉద్యోగంలో పనిచేయని కోడ్‌ని బాగుందని చాలాసార్లు చెప్పాను. సరిగ్గా పనిచేసినదాన్ని తప్పని చెప్పడం అదే మొదలు.

మాకు శనివారం సాయంత్రం ఏడయితే వాళ్లకి ఆదివారం ఉదయం తొమ్మిది. ఇబు పైన లేసు జాకెట్టు వేసుకుని, నగ పెట్టుకుని, జడ ముడి వేసుకుంది. కెమెరాకి కనపడని కింది భాగంలో నైట్ ప్యాంటు, మోకాలి మీద ఐస్ బ్యాగు. వర్క్ ఫ్రమ్ హోమ్ మేమే కనిపెట్టామనుకుంటాం. నాకు వాళ్లాయన బాతిక్ అద్దకం చొక్కా ఇచ్చింది. అందులో ఇంకొకరికి చోటుంది. రూమ్మేట్ ఫ్రేమ్‌కి అవతల సోఫాలో కూర్చున్నాడు, తినకుండా.

అవతల చాపల మీద పది మంది దాకా ఉన్నారు. మధ్యలో నల్లటోపీ పెట్టుకున్న సన్నటి మనిషి, అన్నయ్య. ఆయన వెనక గోడకి ఆనుకుని చెల్లెలు, చేతిలో టీ గ్లాసు. కిటికీలోంచి మబ్బు లోపలికి చూస్తోంది. మొదటి ఇరవై నిమిషాలు ఎవరూ చేను మాట ఎత్తలేదు. తెల్లవారుజామున మంచు పడి దుంపల ఆకు మాడిన సంగతి, మోకాలికి కుట్లెన్ని అన్న సంగతి, నాకు పెళ్లెందుకు కాలేదన్న సంగతి మాట్లాడుకున్నారు. మూడో అంశం మీద ఎక్కువసేపు గడిచింది. మీకూ పొలం ఉందా అని అన్నయ్య అడిగాడు. ఉంది, గట్టు మీద కేసు నడుస్తోందన్నాను. ఎన్నాళ్లుగా అన్నాడు. నాకంటే పెద్దదన్నాను. ఇబు అది తర్జుమా చేయగానే చాపల మీద అందరూ జాలిగా నావైపు చూశారు. చెల్లెలి ముఖం చూస్తే మా తాతకి ఒక బస్తా దుంపలు పంపేలా ఉంది.

ఇబు మోచేత్తో నన్ను పొడిచింది. నేను మొదలుపెట్టాను.

"నేను పంపిన బొమ్మ తప్పండి. ఫోన్ ఈవిడది, తెలివి నాది. పైనుంచి బొమ్మ తీసే కెమెరా ఒక్కో ఏడాది ఒక్కో వైపు వంగి ఉంటుంది. కదిలింది కెమెరా. మీ నేల కదల్లేదు."

నేను ఇంగ్లిష్‌లో చెప్పినవి నాలుగు ముక్కలు. ఇబు వాళ్ల భాషలో ఐదు నిమిషాలు చెప్పింది. మధ్యలో రెండుసార్లు నన్ను చూపించింది. ఒకసారి చేత్తో నా తల కొలత చూపించింది. ఏం చెప్పిందో నేను అడగలేదు.

అన్నయ్య టీ ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఎంత పెద్ద యంత్రమైనా వంగుతుంది," అన్నాడు. ఇబు నాకు ఒక్కో మాటా చెబుతోంది. "నాకే నడుం వంగిపోయింది." అందరూ మర్యాదగా నవ్వారు. తర్వాత ఆయన అదే గొంతుతో అన్నాడు. "బొమ్మ తప్పే. కానీ నీ ఎర్ర గీత తిన్నగా ఉంది బాబూ. మా మొక్కలు ఎలాగూ ముదిరాయి. మొన్న పీకి ఆ గీత మీదే నాటేశాను."

ఏడు సాళ్లు. తల్లీ చెల్లెలూ ఏడేళ్లలో ఇచ్చినదంతా ఆయన ఒక్క రోజులో వెనక్కి పెట్టేశాడు. చెల్లెలు గ్లాసులోకి చూస్తోంది. ఇబు చేయి ఐస్ బ్యాగ్ మీద బిగుసుకుంది, నీళ్లు కారి నా పాదం మీద పడ్డాయి. నేను కదల్లేదు.

అప్పుడు ఆయన అడిగాడు. చేనులో నీ వాటా ఏం చేద్దాం అని.

"నాకెందుకు అన్నయ్యా," అంది ఇబు. "నాకిక్కడ పెరట్లో బకెట్లు ఉన్నాయి, వాటిలో దుంపలు వేసుకుంటున్నాను."

ఆయన తలూపాడు. ఊపి ఆగిపోయాడు. చాపల మీద ఎవరూ కదలడం లేదు. నెట్ పోయిందేమో, బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆయన ముందున్న గ్లాసులోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. నెట్ బాగానే ఉంది. మనిషే ఆగాడు. సోఫాలో రూమ్మేట్ రెండు చేతులూ జోడించి కూర్చున్నాడు. వాడు పరీక్షలప్పుడు కూడా దేవుణ్ని తలుచుకునే రకం కాదు.

ఆవిరి ఆగిపోయింది. అన్నయ్య చల్లారిన టీ పూర్తిగా తాగి, గ్లాసు పక్కకి జరిపి, రెండోసారి అడిగాడు.

ఇబు వద్దంది. ఆ వద్దు అనడంలో ఉన్న సంతోషం వద్దనేవాళ్లకి ఉండకూడదు.

మూడోసారి వెంటనే అడిగాడు.

"చెల్లి ఆ సాళ్లలో దుంపలు వేస్తే," అంది ఇబు, "నాకు ఇక్కడ కడుపు నిండుతుంది."

సరేనన్నాడు ఆయన. అక్కడ ఎవరో పళ్లాలు తెచ్చారు, తినడం మొదలుపెట్టారు. చెల్లెలు మాత్రం లేచి ఎటో వెళ్లింది, మళ్లీ కాల్ అయ్యేదాకా కనిపించలేదు.

"గంతేనా?" అన్నాడు మా రూమ్మేట్, కాల్ కట్ అయ్యాక. "భూమి పంచుకున్నరు, ఒక్కడు కూడా లేచి నిలబడలే." వాడి గొంతులో నిరాశ ఉంది. వెళ్లి అన్నం పెట్టుకున్నాడు.

ఇబు నగ తీసి బల్ల మీద పెట్టింది. "నాక్," అంది, "ఐస్ మార్చు." మార్చాను.

ఇదంతా పోయిన ఏడాది సంగతి. ఆవిడ ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తోంది. మొన్న ఒక సాయంత్రం వంటగదిలో చెల్లెలు పంపిన ఫొటో చూపించింది. ఇంటి ముందు చెల్లెలు నవ్వుతూ నిలబడి ఉంది. వెనక గోడ పొడుగునా కట్టెలు, చూరు దాకా పేర్చి ఉన్నాయి. ఒక్క మనిషి పొయ్యికి అన్ని కట్టెలు రెండు చలికాలాలకి సరిపోతాయి. ఇబు ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఈ ఏడాదిలో నేను నేర్చుకున్నది అదే.

పైకి వెళ్లి ల్యాప్‌టాప్ తెరిచాను. కొత్త బొమ్మ వచ్చింది. ఈసారి ఏదీ కోయకుండా, లోయతో సహా చూశాను. పచ్చ ఎక్కడ ఆగుతోందో, నీలం ఎక్కడ మొదలవుతోందో సాళ్లు లెక్కపెట్టాను. అనుమానం వచ్చి రెండోసారి లెక్కపెట్టాను. ఒక సాలు. ఎర్ర గీతకి ఇటువైపు, దుంపల్లోకి, సరిగ్గా ఒక్క సాలు.

రూమ్మేట్ నా భుజం మీదుగా తొంగిచూశాడు. వాడి కళ్లు వెలిగాయి. "మళ్ల జరిపిండారా?"

"లేదురా," అన్నాను, మూత వేస్తూ. "కెమెరా వంగింది."